పెట్టెలు ఎవరైనా గీస్తారు, బాణాల సంగతి చెప్పండి

(శ్రీకాకుళంలో ఇంజినీరింగ్ చివరి సంవత్సరం విద్యార్థులకు ఇచ్చిన ప్రసంగం. రికార్డింగ్ విని రాసింది. మాట్లాడినట్టే ఉంచాం, మరీ అవసరమైన చోట మాత్రం సర్దాం.)

అందరికీ నమస్కారం. వెనక బెంచీల వాళ్లకి వినిపిస్తోందా? ఈ మైకు గీపెడుతోంది, పక్కన పెట్టేస్తాను, నా గొంతు సరిపోతుంది. భోజనాలయ్యాక నా సెషన్ పెట్టారు కాబట్టి నిద్రొచ్చినవాళ్లు మొహమాటపడకండి, గురక మాత్రం పెట్టొద్దు. (నవ్వులు)

నాకిచ్చిన టాపిక్ "యూఎక్స్ డిజైన్‌లో కెరీర్ అవకాశాలు". యూఎక్స్ అంటే యూజర్ ఎక్స్‌పీరియన్స్, యాప్ వాడేవాళ్లకి ఎలా ఉండాలో తీర్చిదిద్దే పని. ఆ అవకాశాల జోలికి వెళ్లను. అవకాశాల గురించి చెప్పే వీడియోలు యూట్యూబ్‌లో కుప్పలున్నాయి, అందులో సగం కోర్సు అమ్మడానికే. నేను ఒకే ఒక్క పని గురించి మాట్లాడతాను. మీరు ఇంటర్న్‌గా చేరగానే, ఇంకా ఆఫీసులో వాటర్ బాటిల్ ఎక్కడ నింపుకోవాలో కూడా తెలియకముందే మీ నెత్తిన పడే పని: "ఈ యాప్‌కి యూజర్ ఫ్లో గీసి పట్టుకురా." అలా అనేసి వాళ్లు మీటింగ్‌కి వెళ్లిపోతారు.

నేను ఇంటర్న్‌షిప్ చేసింది విశాఖలో ఒక చిన్న కంపెనీలో, పేరుతో పనిలేదు. వాళ్లు చేద్దామనుకున్న యాప్ మన ఉద్దానం జీడి రైతుల కోసం. ఇంట్లో ఉన్న పిక్కలకి ఏ వ్యాపారి ఎంత ఇస్తాడో ఫోన్‌లో చూసుకుని, నచ్చినవాడికి అమ్ముకోవడం. పలాస, వజ్రపుకొత్తూరు, మందస, కవిటి వైపు వాళ్లున్నారా ఇక్కడ? చేతులెత్తండి. అమ్మో, చాలామందే. అయితే నేనేమైనా తేడాగా చెబితే ఆపేయండి, పిక్కల విషయంలో మీరే నాకు సీనియర్లు.

నాకు చెప్పింది ఇంతే. రైతు లాగిన్ అవుతాడు, పిక్కల వివరాలు ఎక్కిస్తాడు, వ్యాపారి ధర పెడతాడు, రైతు ఓకే అంటాడు, డీల్ అయిపోతుంది. వింటుంటే ఎంత బాగుందో చూడండి. ఐదు పెట్టెలు, మధ్యలో నాలుగు బాణాలు. స్క్రీన్లు గీసే ఫిగ్మా అనే సాఫ్ట్‌వేర్‌లో పావుగంట పని, రంగులేస్తే ఇరవై నిమిషాలు. ఇలాంటిదే గీసి, చివరి పెట్టెకి పచ్చ రంగేసి, పక్కన ఒక టిక్ మార్కు పెట్టి తీసుకెళ్లే ఇంటర్న్‌లని తర్వాత చాలామందిని చూశాను. తప్పు పట్టడానికి అందులో ఏమీ ఉండదు, ఎందుకంటే అందులో అసలేమీ ఉండదు.

యూజర్ ఫ్లో అంటే ఏంటో తెలియనివాళ్ల కోసం ఒక్క ముక్క. ఒక మనిషి ఒక పని అవ్వడానికి యాప్‌లో ఎటు నుంచి ఎటు వెళ్తాడో గీసిన పటం. స్క్రీన్‌కి పెట్టె, అవునా కాదా అనే చోట డైమండ్, ఒకదాన్నుంచి ఇంకోదానికి బాణం. మీ సీ ప్రోగ్రామింగ్ రికార్డులో గీసిన ఫ్లోచార్టే, ఎగ్జామినర్ బదులు మామూలు మనిషి వచ్చాడంతే. ఈ పటాలు కంప్యూటర్ కోసం పుట్టినవి కావని మాత్రం చెప్పాలి. 1921లో ఫ్రాంక్ గిల్‌బ్రెత్, లిలియన్ గిల్‌బ్రెత్ అనే భార్యాభర్తలు అమెరికాలో మెకానికల్ ఇంజినీర్ల సంఘం ముందు వీటిని పెట్టారు. ఆ ఫ్రాంక్ కుర్రాడిగా ఉన్నప్పుడు ఇటుకలు పేర్చే పనిలో చేరినవాడు. మనుషులు పని చేస్తుంటే పక్కన నిలబడి, చెయ్యి ఎటు వెళ్తోంది, సామాను ఎక్కడ ఆగిపోతోంది అని చూసి గీసేవాళ్లు. ముందు చూడటం, తర్వాత గీయడం. మనం ల్యాప్‌టాప్‌లొచ్చాక ఆ మొదటి సగం ఎగ్గొట్టేశాం.

అందుకని నేను ఫిగ్మా తెరవకుండా పలాస పక్కనున్న కాశీబుగ్గ బస్సెక్కాను. ఇదేదో గొప్ప పరిశోధన అనుకోకండి, మా పిన్నిగారి ఊరు అటువైపే, భోజనం ఖర్చు లేదు. (నవ్వులు) ఆఫీసులో అడిగితే "వెళ్లు, కానీ టీఏ లేదు" అన్నారు, దారి ఖర్చు అన్నమాట. ఇంటర్న్‌లకి టీఏ ఉండదు, అది రాసి పెట్టుకోండి.

అక్కడ ఒక పెద్దావిడ ఇంటి అరుగు మీద కూర్చుని, కాగితం మీద గీసిన స్క్రీన్లు ఒక్కొక్కటే చూపించాను. మొదటి కాగితం లాగిన్. ఫోన్ నంబరు కొట్టండి మామ్మా, ఓటీపీ వస్తుంది అన్నాను. ఆవిడ నంబరు చెప్పింది. తర్వాత, "ఆ నంబరు మా పెద్దోడిదమ్మా, ఆడు హైదరాబాద్‌లో ఉన్నాడు" అంది. బ్యాంకు ఖాతాకి ఇచ్చిందీ, రేషన్ కార్డుకి ఇచ్చిందీ ఆ నంబరే. ఇంట్లో ఉన్న ఫోన్‌లో సిమ్ వేరే, ఆ నంబరు ఆవిడకి నోటికి రాదు.

ఇప్పుడు ఆ ఒక్క బాణం దగ్గర ఆగుదాం. పటంలో "నంబరు" అనే పెట్టె నుంచి "ఓటీపీ" అనే పెట్టెకి గీసిన జానెడు గీత. అసలు జరిగేది చూడండి. ఓటీపీ హైదరాబాద్ వెళ్లింది. కొడుక్కి ఫోన్ చేసి అడగాలి. చేయాల్సింది ఇదే ఫోన్ నుంచి. అంటే యాప్ వెనక్కి వెళ్తుంది, డయలర్ ముందుకొస్తుంది. కొడుకు పనిలో ఉంటాడు, రెండోసారికి ఎత్తుతాడు, బాగున్నావా అన్నం తిన్నావా అన్నీ అయ్యాక అంకెలు చెబుతాడు. ఆవిడ తిరిగి యాప్‌లోకి వచ్చేసరికి, తక్కువ ర్యామ్ ఉన్న ఫోన్ కాబట్టి ఆండ్రాయిడ్ దాన్ని మెమరీలోంచి తీసేసి ఉంటుంది, మళ్లీ మొదటి స్క్రీన్. ఒకవేళ బతికున్నా ఓటీపీ గడువు అయిపోయి ఉంటుంది. ఇంకో సంగతి, ఓటీపీ ఎవరికీ ఫోన్‌లో చెప్పొద్దని పోలీసులూ బ్యాంకులూ మొత్తుకుంటున్నది సరిగ్గా ఇలాంటి పని గురించే. మన యాప్ ఆ తల్లీకొడుకుల చేత అదే చేయిస్తోంది.

దీనికి మందు ఏంటి? ఇంజినీరింగ్ బుర్ర వెంటనే "గడువు పెంచుదాం" అంటుంది. పెంచొచ్చు. సిమ్ అదే ఫోన్‌లో ఉంటే మెసేజ్‌లోని ఓటీపీని యాప్ తనే తీసుకునే పద్ధతి గూగుల్ ఇచ్చింది, మెసేజ్‌లన్నీ చదివే పర్మిషన్ కూడా అడగక్కర్లేదు, అది పెట్టొచ్చు. యాప్ మధ్యలో చచ్చిపోయినా తిరిగి అదే స్క్రీన్‌కి వచ్చేలా ఎక్కడున్నామో గుర్తుపెట్టుకోవచ్చు. ఇవన్నీ పెట్టాం కూడా. కానీ అసలు ప్రశ్న వేరే. ఇప్పుడు లాగిన్ ఎందుకు? ఆవిడకి కావాల్సింది ఇవాళ బస్తా ఎంత పలుకుతోంది అని. అది చూడటానికి ఆవిడ ఎవరో మనకెందుకు? లాగిన్ పెట్టెని ఎత్తి, అమ్మడానికి సిద్ధపడి నొక్కే బటన్ తర్వాతకి జరిపాం. గీతలో చిన్న మార్పు, కానీ ఆ అరుగు మీద కూర్చున్నావిడకి యాప్ తెరుచుకోవడానికీ తెరుచుకోకపోవడానికీ తేడా అదే.

"బస్తా" అన్నాను కదా. మొదటి డిజైన్‌లో బరువు కిలోల్లో అడిగారు. ఉద్దానంలో పిక్కల లెక్క బస్తాల్లో, బస్తా అంటే 80 కిలోలు. బస్తాకి 16 వేలు ఇవ్వాలని రైతులు ధర్నాలు చేసినప్పుడు కూడా ఆ లెక్కే కదా, ఎవరూ కిలోకి 200 అని నినాదం ఇవ్వలేదు. కిలోలు అడిగితే మనిషి ఆగి, గుణించి, అనుమానపడి, పక్కవాణ్ణి అడిగి రాస్తాడు. బస్తాలకి ప్లస్, మైనస్ బటన్లు పెట్టి, కింద చిన్నగా కిలోలు చూపిస్తే సరిపోయింది. అటువైపు ఫ్యాక్టరీవాడి భాష మళ్లీ వేరు, అతను డబ్ల్యూ 240, డబ్ల్యూ 320 అని పప్పు సైజుల్లో మాట్లాడతాడు. డబ్ల్యూ 320 అంటే పౌనుకి 300 నుంచి 320 దాకా పప్పులు తూగే సైజు. రైతు చేతిలో ఉన్నది పెంకుతో ఉన్న పిక్క, అది కొడితే ఏ సైజు పప్పు వస్తుందో అతన్నడిగితే ఏం చెబుతాడు? పప్పు సైజు అడిగే ఆ ఫీల్డు రైతు ఫారంలోంచి తీసేశాం.

వేలిముద్రతో లాగిన్ పెడితే ఓటీపీ గొడవ ఉండదు కదా అని ఒకరన్నారు. జీడి పెంకులో ఉండే నూనె చర్మాన్ని తినేస్తుంది. పిక్కలు కొట్టే ఆడవాళ్ల వేళ్లు ఒకసారి దగ్గర్నుంచి చూడండి, నల్లగా, నున్నగా అరిగిపోయి ఉంటాయి. అక్కడితో ఆ ఆలోచన పక్కకెళ్లింది.

తర్వాత ఊరు. "మీ లొకేషన్ వాడుకోవచ్చా" అని ఆండ్రాయిడ్ అడుగుతుంది కదా, మన వాళ్లు చాలామంది వద్దనే నొక్కుతారు, నొక్కడమే మంచిది కూడా. ఆండ్రాయిడ్ 11 నుంచి ఏంటంటే, రెండుసార్లు వద్దంటే ఇక ఆ ప్రశ్న మళ్లీ తెర మీదకి రాదు, సెట్టింగ్స్‌లోకి వెళ్లి మార్చుకోవాల్సిందే. అందుకని "వద్దు" నుంచి ఒక బాణం తప్పనిసరిగా బయల్దేరాలి, అది ఊరి పేరు చేత్తో ఎంచుకునే స్క్రీన్‌కి వెళ్లాలి. ఇక్కడ ఇంకో చిక్కు. చాలా యాప్‌లు ముందు జిల్లా, తర్వాత మండలం, తర్వాత ఊరు అని అడుగుతాయి. 2022 ఏప్రిల్ 4న జిల్లాలు మారాయి. రాజాం విజయనగరంలోకి వెళ్లింది, పాలకొండ పార్వతీపురం మన్యంలోకి వెళ్లింది. రాజాం నుంచి వచ్చినవాళ్లు ఉన్నారా? మీ తాతగారిని ఏ జిల్లా అని అడగండి, ఏం చెబుతారు? చూశారా, శ్రీకాకుళమే అంటున్నారు. పాత లిస్టు కొన్న యాప్‌లో కొత్త జిల్లా ఉండదు, కొత్త లిస్టున్న యాప్‌లో తాతగారికి తన ఊరు దొరకదు. ఊరి పేరులో రెండక్షరాలు కొట్టించి, దొరికినవాటి పక్కన మండలం చూపిస్తే జిల్లా ఊసే రాదు.

ఇక కాటా. నేను చెప్పాలనుకున్నదంతా నిజానికి ఇక్కడే ఉంది, మిగతావన్నీ త్వరగా దాటేసినా పర్వాలేదు.

ఆఫీసు పటంలో చివరి పెట్టె "డీల్ కన్ఫర్మ్". నేను కాశీబుగ్గలో ఒక కొనుగోలు షెడ్డు దగ్గర ఒక పూటంతా నిలబడ్డాను. ఒకాయన ఆటోలో బస్తాలు తెచ్చాడు. ధర ముందు రోజే ఫోన్‌లో మాట్లాడుకున్నారు, అంటే మన యాప్ లెక్క ప్రకారం ఆ డీల్ కన్ఫర్మ్ అయిపోయింది, పచ్చ టిక్ పడిపోయింది. వ్యాపారి బస్తా మూతి విప్పి, లోపలికంటా చెయ్యి పెట్టి గుప్పెడు తీశాడు. నాలుగు కోసి చూశాడు. "తడుందయ్యా, ఎండలేదు సరిగ్గా. బస్తాకింత తరుగు తీయాల." రైతు "నిన్న సెప్పినప్పుడు తరుగు మాట లేదు కదా" అన్నాడు. వ్యాపారి నవ్వి ఊరుకున్నాడు. కోపంగా ఏమీ అనలేదు, తిట్టుకోలేదు, ఇద్దరికీ అలవాటైన బేరమే. కాసేపటికి రైతు ఆటో వైపు చూశాడు. వెనక్కి తీసుకెళ్తే ఆటో కిరాయి ఇంకోసారి పడుతుంది. బస్తాలు దించేశాడు.

ఆ ఆటో కిరాయి మన పటంలో ఎక్కడుంది? ఆ గుప్పెడు పిక్కలు ఎక్కడున్నాయి? ధర నిర్ణయమయ్యేది "కన్ఫర్మ్" బటన్ దగ్గర కాదు, కాటా దగ్గర. పచ్చ టిక్ తర్వాతే అసలు కథ మొదలవుతోంది. ఫోన్ జేబులో ఉన్నప్పుడు జరిగేది కూడా ఫ్లోయే, ఇంటర్న్‌గా మీరు కంపెనీకి ఏమైనా కొత్తగా ఇవ్వగలిగితే అది అక్కడే ఇవ్వగలరు. సీనియర్లకి తీరిక ఉండదు, కాటా దగ్గరికి వెళ్లి నిలబడమంటే నిలబడరు. మీకు తీరికుంది. మీ జీతం తక్కువ కాబట్టి మిమ్మల్ని పంపిస్తారు కూడా.

సరే, కాటాని పటంలోకి ఎలా తెచ్చాం? "డీల్ కన్ఫర్మ్"ని "ధర అనుకున్నారు"గా మార్చాం, అంటే అది ముగింపు కాదు, మధ్య మజిలీ. దాని తర్వాత తూకం అనే మెట్టు. వ్యాపారి అక్కడ బస్తాలు, తరుగు, చివరి ధర రాస్తాడు. అది రైతు ఫోన్‌లో కనిపిస్తుంది, నిన్న అనుకున్నది పైన, ఇవాళ్టిది కింద. రైతు సరే అంటే ముందుకి. వద్దంటే ఎందుకు వద్దో రెండు మూడు కారణాల్లో ఒకటి నొక్కి బయటికి, దగ్గర్లో కొనే ఇంకొందరి పేర్లు అక్కడే చూపించాలి, లేకపోతే ఆటో ఎక్కడికి తిప్పుతాడు? ఏ వ్యాపారి ఎన్నిసార్లు కాటా దగ్గర ధర మార్చాడో తర్వాత వచ్చే రైతుకి కనిపించాలని కూడా నేను రాశాను. దాని మీద పెద్ద వాదనే జరిగింది. వ్యాపారులు యాప్ వైపే రారు అన్నారు. అదీ నిజమే. ఆ బాణం పటంలో చుక్కల గీతగానే మిగిలిపోయింది, నేను అక్కడున్నంత కాలం ఎవరూ దాన్ని చెరపలేదు, గట్టి గీతా చేయలేదు.

ఇంకొకటి బయటపడింది, దాన్ని ఎవరం ఊహించలేదు. సీజన్‌కి ముందే వ్యాపారి దగ్గర డబ్బు తీసుకున్న రైతులు. పెళ్లికో, ఆసుపత్రికో. వాళ్ల పిక్కలు చెట్టు మీద ఉండగానే ఎవరికి వెళ్లాలో తేలిపోయింది. ఆ మనిషికి మన "నచ్చినవాడికి అమ్ముకోండి" అనే స్క్రీన్ ఎందుకు? కానీ అతనూ యాప్ తెరుస్తాడు. ఎందుకో తెలుసా? రేటు చూసుకుని వెళ్లి, "పలాసలో ఇంత ఉంది, నువ్వు ఇంత తక్కువేస్తే ఎలా" అని అడగడానికి. అతని పని ధర చూసిన చోటే పూర్తయింది. కంపెనీ డాష్‌బోర్డులో మాత్రం అతను మధ్యలో వదిలేసి వెళ్లిపోయిన యూజర్, ఎర్ర రంగులో కనిపిస్తాడు, అతన్ని "వెనక్కి రప్పించడానికి" రోజుకో నోటిఫికేషన్ పంపాలని మార్కెటింగ్ వాళ్లు కూర్చుంటారు. అందుకని పటంలో ధర చూడటాన్ని కూడా ఒక ముగింపుగా గుర్తు పెట్టాలని రాశాను. ఇది ఒప్పుకున్నారు. ఒప్పుకున్నాక ధర స్క్రీన్ రూపమే మారింది, నిన్నటి రేటు, వారం కిందటి రేటు, పక్కవాళ్లకి పంపించే వాట్సాప్ బటన్ వచ్చాయి.

మిగతా చిన్నాచితకా విషయాలు గబగబా చెప్పేస్తాను. వెనక్కి బటన్. ప్రతి స్క్రీన్‌కి వెనక్కి నొక్కితే ఎటు వెళ్తాడో రాయండి, డెవలపర్ అడిగే మొదటి ప్రశ్న అదే. ఫారం సగం నింపి వెనక్కి నొక్కితే నింపింది ఉంటుందా, పోతుందా? అమ్మకం పూర్తయ్యాక వెనక్కి నొక్కితే మళ్లీ ఫారం రాకూడదు, వస్తే అవే బస్తాలు రెండోసారి ఎక్కుతాయి. సిగ్నల్ లేనప్పుడు ఫోటో పంపితే "పంపాం" అని చూపించడం అబద్ధం, "ఫోన్‌లో ఉంది, సిగ్నల్ రాగానే వెళ్తుంది" అనాలి. తిత్లీ తుపాను 2018 అక్టోబరులో వచ్చినప్పుడు ఉద్దానంలో కరెంటు, ఫోన్లు ఎన్ని రోజులు లేవో మీ ఇళ్లల్లో అడగండి. అంత పెద్ద తుపానే అక్కర్లేదు, మామూలు గాలివానకే టవర్ పడుకునే ఊళ్లున్నాయి. ఇక ఖాళీ స్క్రీన్. కొత్తగా చేరిన రైతుకి ఇంకా ఏ వ్యాపారీ ధర పెట్టలేదు, అక్కడ తెల్ల కాగితంలా వదిలేస్తే యాప్ చెడిపోయిందనుకుంటాడు.

తెలుగులో బటన్లు పెట్టేటప్పుడు ఒక తంటా. ఇంగ్లీషు అక్షరాలకి సరిపోయేలా వరస ఎత్తు ఫిక్స్ చేస్తే మన ఒత్తులు కింద తెగిపోతాయి. "వ్యాపారి"లో య-ఒత్తు సగం, "అమ్మండి"లో మ-ఒత్తు సగం. ల్యాప్‌టాప్‌లో బాగానే కనిపిస్తుంది, చవక ఫోన్‌లో, అక్షరాలు పెద్దవి చేసి పెట్టుకున్న పెద్దవాళ్ల ఫోన్‌లో చూస్తే తెలుస్తుంది. మెటీరియల్ డిజైన్ అనే గూగుల్ డిజైన్ నియమాల్లో నొక్కే చోటు కనీసం 48 డీపీ (డీపీ అంటే ఆండ్రాయిడ్ తెర మీద కొలత) ఉండాలంటారు, తెలుగుకి నేను అంతకంటే ఎక్కువే ఇస్తాను. మీ డిజైన్‌ని మీ ఫోన్‌లో కాదు, మీ అమ్మగారి ఫోన్‌లో చూడండి, వీలైతే మిట్టమధ్యాహ్నం ఎండలో. పిక్కల సీజన్ వేసవి, ఏసీ గదిలో ముద్దొచ్చే లేత బూడిద రంగు అక్షరాలు అక్కడ కనిపించి చావవు.

పరీక్షించడానికి ఎంతమంది కావాలని అడుగుతారు. వెబ్‌సైట్లు, యాప్‌లు వాడటం ఎంత తేలికో పరిశోధించే జేకబ్ నీల్సన్ 2000లో రాసిన మాట అందరూ చెబుతారు, ఐదుగురు చాలు అని. ఆయనే ఇంకోటి కూడా అన్నాడు, యూజర్లు వేర్వేరు రకాలైతే ఒక్కో రకం నుంచి మనుషుల్ని తీసుకోవాలని. ఐదుగురు రైతుల్ని చూసి ఊరుకుంటే వ్యాపారి వైపు ఫ్లో గాల్లో ఉంటుంది. ఐదుగురు క్లాస్‌మేట్స్‌ని చూసి ఊరుకుంటే ఇక చెప్పక్కర్లేదు.

రివ్యూ మీటింగ్‌కి వెళ్లేటప్పుడు టెన్షన్ పడకండి. స్క్రీన్లకి నంబర్లు వేయండి, "ఆ నీలం బటన్ ఉన్నది" అని వేలు చూపిస్తూ కూర్చుంటే అరగంట పోతుంది. "నాకు తెలియదు, కనుక్కుంటాను" అనాల్సిన ప్రతి చోటా పటంలో ప్రశ్నార్థకం పెట్టి తీసుకెళ్లండి. మనల్ని తక్కువగా చూస్తారేమో అనుకుంటాం, నిజానికి సీనియర్లు ఆ ప్రశ్నార్థకాల దగ్గరే కుర్చీ ముందుకి జరుపుకుంటారు. మా దగ్గర "అడ్వాన్సు తీసుకున్న రైతు?" అన్న ప్రశ్నార్థకం మీదే మీటింగ్ మొత్తం నడిచింది.

ప్రశ్నలుంటే అడగండి.

(విద్యార్థి: ఇప్పుడు ఏఐని అడిగితే ఫ్లో మొత్తం గీసి ఇచ్చేస్తోంది కదా అక్కా, మేం నేర్చుకోవడం ఎందుకు?)

మంచి ప్రశ్న. నేనూ వాడతాను, దాచడం దేనికి. జీడి అమ్మకం యాప్‌కి ఫ్లో ఇవ్వమని అడిగి చూశాను, ఆఫీసులో నాకిచ్చిన ఆ ఐదు పెట్టెలే ఇంకాస్త అందంగా ఇచ్చింది, పైగా రేటింగ్ స్క్రీన్ ఒకటి బోనస్. "ఏమేం తప్పు జరగొచ్చు" అని అడిగితే నెట్ పోవడం, ఓటీపీ రాకపోవడం చెబుతుంది, అవి పనికొస్తాయి, మనం మర్చిపోయినవి గుర్తుచేస్తుంది. తరుగు సంగతి, ఆటో కిరాయి సంగతి నేను చెప్పాకే దానికి తెలిసింది. పెట్టెలు గీయడానికి జీతమిచ్చే రోజులు పోతున్నాయి, అది మాత్రం ఒప్పుకుంటాను.

(విద్యార్థిని: విశాఖ, హైదరాబాద్ వెళ్లకుండా ఇక్కడుండే పోర్ట్‌ఫోలియో చేసుకోవచ్చా?)

ఇక్కడుంటేనే బాగా చేసుకోవచ్చమ్మా. ఫుడ్ డెలివరీ యాప్‌కి రీడిజైన్ చేసి పెట్టేవాళ్లు దేశం నిండా ఉన్నారు, చూసి చూసి ఇంటర్వ్యూ చేసేవాళ్లకి విసుగొచ్చేసింది. పొందూరులో ఖద్దరు నేసేవాళ్లకి ఆర్డర్ ఎలా వస్తుంది, ఎవరి ద్వారా వస్తుంది, డబ్బు ఎప్పుడు చేతికొస్తుంది, అది గీయండి. అరసవల్లిలో రథసప్తమి రోజు దర్శనం టికెట్ ఎలా కొంటారో గీయండి. ప్రభుత్వం 2025 జనవరి 30న మన మిత్ర అని వాట్సాప్‌లో 161 సేవలు మొదలుపెట్టింది కదా, అందులో ఒక సర్టిఫికెట్‌కి అప్లై చేస్తూ ఎక్కడెక్కడ ఆగారో గీయండి. వాట్సాప్‌లో ఫారం మధ్యలో వెనక్కి రావడమనేది ఎలా పనిచేస్తుందో చూడండి, చాలా సరదా సమస్య అది. పోర్ట్‌ఫోలియోలో శుభ్రంగా తుడిచిన పటం ఒక్కటే పెట్టకండి, కొట్టివేతలున్న కాగితం ఫోటో కూడా పక్కన పెట్టండి, ఎందుకు కొట్టేశారో ఒక వాక్యం రాయండి. నేను ఇప్పుడు ఇంటర్న్‌లని తీసుకునేటప్పుడు ముందు ఆ కాగితమే చూస్తాను.

(విద్యార్థి: స్టైపెండ్ ఎంత ఇచ్చేవాళ్లు?)

(నవ్వులు) అడిగావు చూడు. రూమ్ రెంటుకి, మధ్యాహ్నం భోజనానికి సరిపోయింది, రాత్రి భోజనానికి నాన్నగారు ఉన్నారు. స్టైపెండ్ లేకుండా ఎక్కువ కాలం చేయమంటే మాత్రం చేరకండి. పని చేయించుకుంటే డబ్బివ్వాలి.

సరే, మాటలు చాలు. టేబుల్ మీద చార్టులు, స్కెచ్ పెన్నులు ఉన్నాయి, నలుగురేసి కూర్చోండి, ల్యాప్‌టాప్‌లు మూసేయండి. ఆర్టీసీ స్టూడెంట్ బస్ పాస్. మీలో సగం మంది దగ్గర ఉంటుంది. కొత్త పాస్ తీసుకోవడం వద్దు, అది అందరూ గీస్తారు. పొద్దున్నే బస్టాండులో నిలబడి ఉండగా పాస్ పోయిందని తెలిసింది, గంటలో ల్యాబ్ ఎగ్జామ్ ఉంది. అక్కడ నుంచి మొదలుపెట్టండి. ఎవరెవరితో మాట్లాడాలి, ఏ కాగితం కావాలి, కాలేజీ సంతకం ఎవరిది, ఆ సార్ సెలవులో ఉంటే ఏంటి, అన్నీ గీయండి. యాప్ స్క్రీన్ ఒక్కటి కూడా ఇప్పుడే గీయొద్దు. నేను తిరుగుతూ ఉంటాను, ప్రతి బాణాన్నీ "ఇక్కడ కాదంటే?" అని అడుగుతాను, రెడీగా ఉండండి.